నైట్స్ ఆఫ్ కొలంబస్ అసలు ఎందుకు పుట్టింది: చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికాలో మీరు వెళ్ళే కతోలిక విచారణలో, అంటే ఆ చర్చికి చెందిన విశ్వాసుల సమూహంలో, నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే మగవాళ్ళ సంఘం ఉంది. మిమ్మల్ని చేరమంటున్నారు. పూజ అయ్యాక హాల్లో పాన్‌కేకులు వేసేదీ వాళ్ళే, చలికాలంలో పిల్లలకు కోట్లు పంచేదీ వాళ్ళే, లైఫ్ ఇన్సూరెన్స్ గురించి ఫోన్ చేసేదీ వాళ్ళే, పండగ రోజుల్లో కత్తులు పట్టుకుని బిషప్పుగారి ముందు నడిచేదీ వాళ్ళే. ఇది సేవా సంఘమా, బీమా కంపెనీయా, ఫ్రీమేసన్ల లాంటి రహస్య సంఘమా అని మీ సందేహం. లోపల ఏదో రహస్య తంతు ఉంటుందని విని మీ ఆవిడకు టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

నేను పాతికేళ్ళుగా ఇందులో సభ్యుణ్ణి. అందులో తొమ్మిదేళ్ళు మా కౌన్సిల్‌కు, అంటే మా ఊరి శాఖకు, ఫైనాన్షియల్ సెక్రటరీగా చేశాను. అంటే చందాలు వసూలు చేసి, సభ్యుల పట్టీ రాసి, ఎవరైనా చనిపోతే పై ఆఫీసుకు కబురు పంపే పని. ఆ పట్టీ పుస్తకం చేతిలో పట్టుకున్నాకే ఈ సంఘం నాకు అర్థమైంది. అంతకుముందు నాకూ మీలాగే కత్తులు, టోపీలు మాత్రమే కనిపించేవి. అందుకే చరిత్రను డబ్బు దగ్గర మొదలుపెడతాను. ఒక మనిషి చనిపోతే అతని భార్యకు ఎంత అందింది, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది అన్నది తెలిస్తే మీ మూడు అనుమానాలకూ జవాబు దొరుకుతుంది.

కనెక్టికట్ రాష్ట్రంలో వాటర్‌బరీ అని ఇత్తడి ఫ్యాక్టరీల ఊరు. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు అక్కడి కొలుముల దగ్గర పనిచేసేవి. అలాంటి ఇంట్లో 1852 ఆగస్టు 12న మైకేల్ మక్‌గివ్నీ పుట్టాడు. పదమూడు మంది పిల్లల్లో పెద్దవాడు. వాళ్ళలో ఆరుగురు పసితనంలోనే పోయారు. తండ్రి పోత పని చేసేవాడు. మైకేల్ కూడా 13 ఏళ్ళకే ఒక ఇత్తడి ఫ్యాక్టరీలో చెంచాలు తయారుచేసే చోట పనికి చేరాడు. చర్చి గురువు (ఫాదర్) కావాలన్న కోరికతో గురువుల శిక్షణాలయమైన సెమినరీలో చదువుతుండగా 1873లో తండ్రి చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. చదువు ఆపేసి ఇంటికి వచ్చాడు. తర్వాత మళ్ళీ బాల్టిమోర్‌లో చదువు కొనసాగించి, 1877 డిసెంబరు 22న అక్కడి ఆర్చిబిషప్పు జేమ్స్ గిబ్బన్స్ చేతుల మీదుగా గురుపట్టం పొందాడు.

ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఇంటికి పెద్దదిక్కు పోతే ఏమవుతుందో ఆయనకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. తన తల్లి మొహంలోనే చూశాడు.

ఆయన్ను న్యూ హేవెన్‌లోని సెయింట్ మేరీస్ చర్చికి సహాయ గురువుగా పంపారు. ఊరికే చర్చి కాదు అది. ధనవంతుల ఇళ్ళుండే హిల్‌హౌస్ అవెన్యూలో కతోలికులు కట్టుకున్న గుడి. ఆ అందమైన వీధికి రోమన్ చర్చి కట్టడం ఒక మచ్చ అయిందని అర్థం వచ్చేలా 1879లో న్యూయార్క్ టైమ్స్ శీర్షికే పెట్టింది. గుడి మీద అప్పు, విచారణ గురువుకు అనారోగ్యం, వీధి వీధంతా ఈసడింపు. ఆ వాతావరణంలో ఇరవై అయిదేళ్ళ యువ గురువు కుర్రాళ్ళతో నాటకాలు వేయించాడు, బేస్‌బాల్ ఆడాడు, తాగుడు మాన్పించే సంఘం నడిపాడు. ఉరిశిక్ష పడిన ఒక యువకుణ్ణి చివరి రోజు వరకూ జైల్లో కలుస్తూ వచ్చాడు. ఇవన్నీ మంచి పనులే. కానీ ఆయన్ను నిద్రపోనివ్వని విషయం వేరే ఉంది.

రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ళవి. క్షయ, న్యుమోనియా, ఫ్యాక్టరీ ప్రమాదాలు. మగవాడు చనిపోతే, పిల్లల్ని పోషించే దారి ఉందని కుటుంబం కోర్టుకు చూపించుకోవాలి. లేకపోతే పిల్లల్ని ప్రభుత్వ ఆశ్రమాలకు పంపేవారు. భర్తను పాతిపెట్టి వచ్చిన తల్లి, ఆ వారంలోనే బిడ్డల్ని కూడా పోగొట్టుకునే పరిస్థితి. 1882 ఫిబ్రవరిలో ఇలా తండ్రిని పోగొట్టుకున్న ఒక కుటుంబం విషయం కోర్టు ముందుకు వచ్చినప్పుడు, ఫాదర్ మక్‌గివ్నీ స్వయంగా వెళ్ళి ఆ ఇంటి అబ్బాయికి సంరక్షకుడిగా నిలబడ్డాడు. కానీ ఒక గురువు ఎంతమంది పిల్లలకు సంరక్షకుడిగా ఉండగలడు? ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టిందే ఈ సంఘం.

అప్పటికి అమెరికాలో పరస్పర సహాయ సంఘాల గాలి బలంగా వీస్తోంది. 1868లో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో జాన్ జోర్డన్ అప్‌చర్చ్ అనే ఆయన ఏన్షియంట్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ వర్క్‌మెన్ అని ఒక సంఘం పెట్టాడు. దాని లెక్క చాలా సులువు. ఒక సభ్యుడు చనిపోతే మిగతావాళ్ళంతా తలా ఒక డాలరు వేస్తారు, పోగైంది ఆ కుటుంబానికి ఇస్తారు. బీమా కంపెనీల గడప తొక్కలేని కూలీలకు ఇది దేవుడిచ్చిన వరంలా కనిపించింది. పదేళ్ళలో ఇలాంటివి ఎన్నో పుట్టుకొచ్చాయి. చిక్కల్లా కతోలికులకే. ఈ సంఘాల్లో చాలావాటికి మేసన్ల లాంటి ప్రమాణాలు, తంతులు ఉండేవి. 1738లో పన్నెండవ క్లెమెంట్ పోపు దగ్గర్నుంచీ కతోలికులు ఫ్రీమేసన్లలో చేరకూడదని నిషేధం ఉంది. పదమూడవ లియో పోపు 1884లో దాన్ని ఇంకా గట్టిగా చెప్పారు. అంటే కతోలిక కూలీ ముందు రెండే దారులు: సంఘంలో చేరి తన చర్చికి దూరం కావడం, లేదా చేరకుండా ఉండి పెళ్ళాం పిల్లల్ని గాలికి వదిలేయడం. ఫాదర్ మక్‌గివ్నీ మూడో దారి వెతికాడు.

1881 అక్టోబరు 2న సెయింట్ మేరీస్ చర్చి నేలమాళిగలో కొందరు మగవాళ్ళు సమావేశమయ్యారు. ముందు ఆయన అనుకున్నది బాస్టన్‌లోని కతోలిక్ ఆర్డర్ ఆఫ్ ఫారెస్టర్స్‌కు న్యూ హేవెన్‌లో ఒక శాఖ పెడదామని. బాస్టన్ వెళ్ళి మాట్లాడాడు. బ్రూక్లిన్‌లో ఉన్న ఇంకో కతోలిక సంఘాన్నీ చూసి వచ్చాడు. ఏదీ కుదరక, సొంతంగానే పెట్టుకుందామని నిర్ణయించారు. పేరు దగ్గర చర్చ జరిగింది. ఆయన ‘సన్స్ ఆఫ్ కొలంబస్’ అన్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన జేమ్స్ మల్లెన్ ‘నైట్స్’ అయితే బాగుంటుందన్నాడు. మల్లెన్ మాటే నిలిచింది. 1882 మార్చి 29న కనెక్టికట్ శాసనసభ సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది.

కొలంబస్ పేరు ఎందుకని ఈ రోజుల్లో చాలామంది అడుగుతారు. అడగడం న్యాయమే. కొలంబస్ రాకతో అక్కడి మూలవాసులకు జరిగింది తెలిశాక ఆ పేరు చాలామందిని గాయపరుస్తుంది. 1882లో ఈ కూలీల ఆలోచన వేరు. మీరు పరాయివాళ్ళు, పోపుకు బానిసలు అని అంటున్న సమాజానికి ‘ఈ ఖండానికి దారి చూపినవాడే కతోలికుడు’ అని గుర్తు చేయాలనుకున్నారు. ఆ పేరు వాళ్ళకు పౌరసత్వ పత్రం లాంటిది. ఇప్పుడు పెట్టే పేరైతే వేరే ఎంచుకోవాలని నేను మా కౌన్సిల్లోనే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇంకో విషయం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఫాదర్ మక్‌గివ్నీ సంఘానికి అధ్యక్షుడు కాలేదు. మొదటి సుప్రీమ్ నైట్ మల్లెన్. గురువు గారు సెక్రటరీ పనితో సరిపెట్టుకుని, తర్వాత ఆధ్యాత్మిక సలహాదారుగా ఉండిపోయారు. ఆ కాలంలో విచారణలో ఏ పనైనా గురువు చేతి మీదుగానే సాగేది. ఆయన మాత్రం లెక్కలు, ఓట్లు, పదవులు గృహస్థుల (గురువులు కాని మామూలు విశ్వాసుల) చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. 1884లో ఆయన్ను థామస్టన్ అనే చిన్న ఊరికి విచారణ గురువుగా బదిలీ చేశారు. 1890 ఆగస్టు 14న న్యుమోనియాతో చనిపోయాడు. వయసు 38. ఆయన పోయినా సంఘం ఆగకపోవడానికి కారణం, అది మొదటి నుంచీ ఆయన భుజాల మీద కాకుండా సభ్యుల భుజాల మీద ఉండటమే.

ఇప్పుడు లెక్కకు వద్దాం, ఎందుకంటే ‘ఇది ఇన్సూరెన్స్ కంపెనీయా’ అన్న మీ ప్రశ్న ఇక్కడే తేలుతుంది.

మొదట్లో పద్ధతి ఇలా ఉండేది. సభ్యుడు చనిపోతే అతని కుటుంబానికి 1,000 డాలర్లు. అప్పటి ఫ్యాక్టరీ కూలీకి అది దాదాపు మూడేళ్ళ సంపాదన. ఆ డబ్బు కోసం ప్రతి సభ్యుడూ తలా ఒక డాలరు ఇవ్వాలి. సభ్యులు వెయ్యి దాటితే ఒక్కొక్కరి వాటా డాలరు కంటే తగ్గుతుంది. జబ్బుపడి పనికి వెళ్ళలేనివాడికి వారానికి 5 డాలర్ల దాకా 13 వారాలు ఇచ్చేవారు. ఆ తర్వాత కూడా మంచం మీదే ఉంటే ఎంత ఇవ్వాలో అతని కౌన్సిల్ నిర్ణయించేది.

చదవడానికి ఎంతో బాగుంది కదా. కానీ ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. పాతికేళ్ళ కుర్రాడూ డాలరే ఇస్తాడు, యాభై ఏళ్ళాయనా డాలరే ఇస్తాడు. లెక్క వేసి చూడండి. వెయ్యి మంది ఉన్న సంఘంలో ఏడాదికి పది మంది పోతే ఒక్కొక్కరికి పది డాలర్లు పడుతుంది. సభ్యులు ముసలివాళ్ళయ్యే కొద్దీ చావులు పెరుగుతాయి. ఇరవై మంది పోతే ఇరవై డాలర్లు. అది చూసి కుర్రాళ్ళు చేరడం మానేస్తారు, చేరినవాళ్ళు వెళ్ళిపోతారు. కుర్రాళ్ళు పోతే సగటు వయసు ఇంకా పెరుగుతుంది, వాటా ఇంకా పెరుగుతుంది. చివరికి మిగిలేది డబ్బు కట్టలేని ముసలివాళ్ళు. ఆ కాలపు డాలరు సంఘాలు ఎన్నో ఇలాగే కూలిపోయాయి. ముప్పై ఏళ్ళు చందా కట్టినవాడి భార్యకు చివర్లో ఏమీ మిగల్లేదు. మంచి మనసు ఒక్కటే చాలదు, లెక్క కూడా సరిగ్గా ఉండాలి అనడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలీదు.

నైట్స్ ఈ గొయ్యిలో పడకుండా బయటపడ్డారు. తర్వాతి ఏళ్ళలో వయసును బట్టి ఎక్కువ తక్కువ కట్టే పద్ధతికీ, అక్కడి నుంచి ముందుగానే నిధి పోగుచేసే అసలైన బీమా పద్ధతికీ మారారు. 1890ల మొదట్లో ఇంకో మార్పు జరిగింది. బీమా తీసుకోకుండానే చేరే అసోసియేట్ సభ్యత్వం వచ్చింది. నా లెక్కలో ఈ సంఘం చరిత్రలో అసలు మలుపు ఇదే. వయసు మీరినవాళ్ళు, ఆరోగ్యం బాగాలేనివాళ్ళు, వేరేచోట బీమా ఉన్నవాళ్ళు కూడా సోదరులుగా రావచ్చు. బీమా ఒక పాయగా, సేవ ఇంకో పాయగా విడిపోయింది. అక్కడి నుంచే కనెక్టికట్ దాటి దేశమంతా పాకింది. 1897లో మాంట్రియల్‌తో కెనడాకు, 1905లో మెక్సికోకు, ఫిలిప్పీన్స్‌కు వెళ్ళింది. ఇప్పుడు ప్రపంచంలో సభ్యులు 20 లక్షలకు పైనే. బీమా విభాగం విడిగా ఏజెంట్లతో, ప్రభుత్వ నియంత్రణలో నడుస్తుంది. సభ్యులందరి పాలసీల మొత్తం విలువ వంద బిలియన్ డాలర్లు దాటింది.

కాబట్టి సూటిగా చెప్పాలంటే, చేరితే పాలసీ కొనాలన్న నిబంధన లేదు. ఏజెంటు ఒకసారి మీ ఇంటికి వస్తాడు, మాట్లాడతాడు. వద్దంటే వద్దు. మా కౌన్సిల్లో పాలసీ లేనివాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళను ఎవరూ చిన్నచూపు చూడరు.

రహస్యం సంగతి. నేలమాళిగలో చేరిన మొదటివాళ్ళలో మల్లెన్‌తో సహా కొందరు అంతకుముందు రెడ్ నైట్స్ అనే చిన్న బృందంలో ఉన్నవాళ్ళు. వాళ్ళకు తంతులు తెలుసు, వాటిలో ఉండే సంబరం తెలుసు. మేసన్ల గుడారంలో ఉన్న ఆకర్షణ తమ దగ్గరా లేకపోతే కుర్రాళ్ళు అటే పోతారని కూడా తెలుసు. అందుకే దానధర్మం, ఐక్యత, సోదరభావం, దేశభక్తి అనే నాలుగు సూత్రాలకు నాలుగు మెట్లు ఏర్పడ్డాయి. నాలుగోది 1900 ఫిబ్రవరి 22న న్యూయార్క్‌లో మొదలైంది. కత్తులు పట్టుకునేది ఆ నాలుగో మెట్టువాళ్ళే. అయితే మేసన్లకూ వీళ్ళకూ మూలంలోనే తేడా ఉంది. ఇక్కడ ఉన్నది ప్రమాణం కాదు, మాట ఇవ్వడం. పాపసంకీర్తనలో గురువుకు గానీ బిషప్పుకు గానీ చెప్పకూడని రహస్యం ఏదీ ఇందులో ఎన్నడూ లేదు.

అయినా రహస్యం ఉన్నచోట పుకార్లు పుడతాయి. 1912 ప్రాంతంలో ఒక దొంగ ప్రమాణ పత్రం దేశమంతా తిరిగింది. నాలుగో మెట్టు నైట్లు ప్రొటెస్టెంట్లను చంపుతామని ఒట్టు వేస్తారని అందులో రాశారు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెసుకు పోటీచేసిన ఒక కతోలిక అభ్యర్థికి వ్యతిరేకంగా దాన్ని పంచారు. ఆయన ఫిర్యాదు చేయడంతో 1913లో అది నకిలీ ప్రచారానికి సాక్ష్యంగా కాంగ్రెసు రికార్డులకెక్కింది. చూశారా విచిత్రం, ఆ తర్వాత ‘కాంగ్రెసు రికార్డులోనే ఉంది’ అని చెప్పి అదే కాగితాన్ని మళ్ళీ పంచారు. అది నిజమని నిరూపించినవారికి 25,000 డాలర్ల బహుమతి ప్రకటించారు నైట్స్. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. 1920లలో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార సంఘంవాళ్ళు ఆ కాగితాన్ని ఇంకా విరివిగా వాడుకున్నారు. ఒరెగాన్ రాష్ట్రంలో 1922లో పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్ళాలని చట్టం వచ్చింది. కతోలిక బడులను మూయించడమే దాని ఉద్దేశం. దాని మీద మఠకన్యలు వేసిన కేసుకు నైట్స్ డబ్బు సాయం చేశారు. 1925లో అమెరికా సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పిల్లల్ని ఏ బడికి పంపాలో నిర్ణయించుకునే హక్కు తల్లిదండ్రులదే అని ఇవాళ్టికీ ఆ తీర్పునే ఉదహరిస్తారు.

సేవ అన్నది కుటుంబాల గుమ్మం దాటి బయటికి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధంలో. 1916లో మెక్సికో సరిహద్దులో ఉన్న సైనికుల కోసం కొన్ని విశ్రాంతి గదులు పెట్టారు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక ఆ గదులు శిబిరాలన్నిటికీ, సముద్రం దాటి యూరప్‌కూ వెళ్ళాయి. చెక్కతో కట్టిన ఆ హట్‌ల మీద ఉండే బోర్డు: అందరికీ స్వాగతం, అన్నీ ఉచితం. కాఫీ, సిగరెట్లు, ఉత్తరాలు రాసుకునే కాగితాలు, పూజకు చోటు. కతోలికుడివా, యూదుడివా, ప్రొటెస్టెంటువా అని అడిగేది లేదు. నల్లజాతి సైనికులకు కూడా అదే తలుపు, అదే బల్ల. సైన్యమే రంగును బట్టి విడివిడిగా ఉన్న రోజులవి. యుద్ధం ముగిశాక ఇంటికొచ్చిన సైనికుల కోసం ఉద్యోగాలు చూపించే కేంద్రాలు, రాత్రి బడులు పెట్టారు. నాకు ఈ సంఘం చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. చనిపోయినవాడి ఇంటికి డాలరు ఇచ్చే ఒప్పందం, బతికొచ్చినవాడికి పని చూపించే బాధ్యతగా పెరిగింది.

ఇక్కడే నేను మీకు చెప్పి తీరాల్సిన చేదు విషయం కూడా ఉంది. చాలామంది మా సోదరులు దీన్ని దాటేస్తారు. దాటేయకూడదు.

నీ భార్యా పిల్లల బాధ్యత నాది అని మాటిచ్చే సంఘంలో, ‘నువ్వు’ అంటే ఎవరు అన్నది ఎవరో తేల్చాలి. ఇక్కడ అది ఓటుతో తేలేది. కొత్త మనిషి పేరు వచ్చినప్పుడు రహస్య ఓటింగు, అయిదుగురు కాదంటే అతను బయటే. దొంగల్ని, తాగుబోతుల్ని ఆపడానికని పెట్టిన నియమం కొన్నిచోట్ల చర్మం రంగును ఆపడానికి పనికొచ్చింది. నల్లజాతి కతోలికులకు తలుపులు తెరుచుకోకపోవడంతో 1909లో అలబామాలోని మొబైల్ నగరంలో నల్లజాతివారి మధ్య పనిచేసే జోసఫైట్ సభకు చెందిన నలుగురు గురువులు, ముగ్గురు గృహస్థులు కలిసి నైట్స్ ఆఫ్ పీటర్ క్లేవర్ అనే వేరే సంఘం పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఇటు చూస్తే, 1920లలో ఇదే నైట్స్ ఆఫ్ కొలంబస్ అమెరికా నిర్మాణంలో వేర్వేరు జాతుల పాత్ర మీద పుస్తకాలు రాయించింది. అందులో ఒకటి నల్లజాతి ప్రజల గురించి, రాసింది పేరుమోసిన నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఈ. బి. డూబాయిస్ అంతటివాడు, 1924లో. మరొకటి యూదుల గురించి. క్లాన్ ఊరేగింపులు తీస్తున్న రోజుల్లో అది ధైర్యమే. కానీ పుస్తకంలో గౌరవించినవాణ్ణి పక్క కుర్చీలో కూర్చోనివ్వని కౌన్సిళ్ళు అదే సంఘంలో ఉన్నాయి.

1963లో చికాగోలోని ఒక కౌన్సిల్, నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఒక నల్లజాతి యువకుణ్ణి ఓటింగులో తిరస్కరించింది. ఆ కౌన్సిల్ ఆఫీసర్లు ఆరుగురు నిరసనగా రాజీనామా చేశారు. విషయం పత్రికలకెక్కింది. మరుసటి ఏడాది సుప్రీమ్ నైట్ జాన్ మెక్‌డెవిట్ నాయకత్వంలో న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన మహాసభలో నియమం మార్చారు. ఓటు వేసినవారిలో మూడోవంతు మంది కాదంటే తప్ప ఎవరినీ ఆపలేరు. 1972లో సగానికి పైగా కాదనాలని ఇంకా సడలించారు. నా మాట అడిగితే ఆ మార్పు నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. రాజీనామా చేసిన ఆ ఆరుగురు ఆఫీసర్లను మాత్రం నేను ఎప్పుడూ గౌరవంతో తలుచుకుంటాను. పదవి వదులుకోవడం చిన్న విషయం కాదు, అదీ తమవాళ్ళకే ఎదురు నిలబడి.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను, ఎక్కడైనా దొరుకుతుంది. 1920లో పదిహేనవ బెనెడిక్ట్ పోపు కోరిక మీద రోమ్‌లో పేద పిల్లలకు ఆటస్థలాలు కట్టించారు. మగపిల్లల కోసం 1925లో మిన్నెసోటాలోని డులూత్‌లో కొలంబియన్ స్క్వైర్స్ మొదలైంది. మెక్సికోలో చర్చిని అణచివేసిన 1920లలో ప్రాణాలిచ్చిన గురువుల్లో ఆరుగురు నైట్లు ఉన్నారు, వాళ్ళను 2000లో పునీతులుగా ప్రకటించారు. అమెరికా జాతీయ ప్రతిజ్ఞలో ‘దేవుని కింద’ అన్న మాట 1954లో చేరడానికి ముందు, 1951 నుంచే నైట్స్ తమ సభల్లో అలా చదువుతూ వచ్చారు. ఆడవాళ్ళ కోసం 1897లో న్యూ హేవెన్‌లోనే డాటర్స్ ఆఫ్ ఇసబెల్లా పుట్టింది. ఫాదర్ మక్‌గివ్నీని 2020 అక్టోబరు 31న హార్ట్‌ఫర్డ్‌లో ధన్యుడిగా (పునీతుడయ్యే ముందు మెట్టు) ప్రకటించారు. ఆయన అవశేషాలు 1982 నుంచి సెయింట్ మేరీస్ చర్చిలోనే ఉన్నాయి, ఒకప్పుడు ఆ వీధికి మచ్చ అనిపించుకున్న ఆ గుడిలోనే.

ఇలాంటి సంఘం ఇదొక్కటే అనుకోకండి. మన విచారణల్లో చాలామంది ఎరిగిన సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ దీనికంటే పెద్దది వయసులో. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి స్నేహితులతో కలిసి పెట్టాడు. దాని పద్ధతి పేదవాడి ఇంటికి స్వయంగా వెళ్ళడం. అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ అయిన ఎపిస్కోపల్ చర్చిలో 1883లో చికాగోలో జేమ్స్ హౌటలింగ్ మొదలుపెట్టిన బ్రదర్‌హుడ్ ఆఫ్ సెయింట్ ఆండ్రూది ప్రార్థన, ఇంకో మనిషిని చర్చికి తీసుకురావడం. ఈ మూడిటినీ పక్కపక్కన పెడితే నైట్స్ ప్రత్యేకత తెలుస్తుంది. ఓజనామ్ స్నేహితులు పేదవాళ్ళ దగ్గరికి వెళ్ళిన చదువుకున్నవాళ్ళు. న్యూ హేవెన్ మగవాళ్ళు తామే పేదవాళ్ళు, ఒకరి కుటుంబానికి ఒకరు హామీ పడ్డారు. అందుకే అక్కడ జాలి కంటే లెక్క ముందు వచ్చింది. రోటరీ లాంటి సేవా క్లబ్బులు పుట్టడానికి ఇరవై ఏళ్ళకు పైగా ముందు మాట ఇది. రోటరీ 1905లో చికాగోలో పుట్టింది.

మీరు చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను చెప్పగలిగింది ఒక్కటే: చేరే ముందు మీ కౌన్సిల్ ఫైనాన్షియల్ సెక్రటరీని కలిసి, గత అయిదేళ్ళలో చనిపోయిన సభ్యుల పేర్లు అడగండి. వాళ్ళ భార్యల దగ్గరికి ఈ ఏడాది ఎవరైనా వెళ్ళారా అని అడగండి. పాలసీ ఉన్న ఇంటికే కాదు, లేని ఇంటికి కూడా. నేను ఆ పుస్తకం తీసుకున్న మొదటి ఏడాది మా దగ్గర దానికి జవాబు లేదు. పదకొండు పేర్లున్నాయి, ఒక్క ఇంటి ఫోన్ నంబరు కూడా సరైనది కాదు. మూడు నెలలు పట్టింది అందర్నీ వెతకడానికి. ఒకావిడ వేరే ఊరికి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంకొకావిడ నాలుగు వీధుల అవతలే ఉంది, ఇంటి ముందు మెట్టు విరిగి ఏడాదిగా పూజకు రావడం మానేసింది. శనివారం నలుగురం వెళ్ళి మెట్టు కట్టాం. రెండు గంటల పని. మీ కౌన్సిల్ దగ్గర జవాబు ఉంటే నిశ్చింతగా చేరండి. లేకపోతే, ఓపిక ఉంటే ఇంకా చేరండి, ఆ పట్టీ మీరే తీసుకోండి.

మీ ఆవిడ టెన్షన్ గురించి. కత్తులు ఉన్న మాట నిజమే. 2017లో ఈకల టోపీ, పొడవాటి కేప్ బదులు బ్లేజరు, బెరే టోపీ వాడాలని మార్పు ప్రకటించారు. మూసిన తలుపుల వెనక మూడు విడతలుగా జరిగే చేరిక తంతు కూడా 2020 నుంచి ఒకే కార్యక్రమంగా మారింది. ఎక్కువగా చర్చిలోనే, ఒక్కోసారి పూజ అయిన వెంటనే, అందరి ముందూ జరుగుతుంది. అరగంట కూడా పట్టదు. చేరాలని నిర్ణయించుకుంటే తేదీ కనుక్కుని ఆవిడనూ పిల్లల్నీ తీసుకెళ్ళండి, ముందు వరసలోనే కూర్చోబెట్టండి. అక్కడ మీరు ఇచ్చే మాట వాళ్ళు కూడా వినాలి.